‘నో’ అని టిక్ పెట్టిన గడి: ఒక సెక్యూరిటీ క్లియరెన్స్ కేసు

ఎస్ఓఆర్ అనే ప్రభుత్వ నోటీసు అందిన పదకొండో రోజున తండ్రీకొడుకులు మా లా ఆఫీసుకి వచ్చారు. జవాబివ్వడానికి ఉండేది 20 రోజులు. అంటే మిగిలింది తొమ్మిది. తండ్రి చేతిలో లావుపాటి ఫైలు. అందులో తెనాలి దగ్గర పొలం పాసుపుస్తకాల జిరాక్సులు, నాయనమ్మ పెన్షన్ కాగితాలు, ఇండియాకి పంపిన డబ్బుల రసీదులు ఉన్నాయి. అక్కడ చుట్టాలున్నందుకే కొడుకు క్లియరెన్స్, అంటే అమెరికా ప్రభుత్వ రహస్యాలు చూడనిచ్చే అనుమతి, ఆగిందని ఆయన గట్టి నమ్మకం. అసలు ఎస్ఓఆర్ మాత్రం ఆయన చదవలేదు. కొడుకు చూపించలేదు.

ఎస్ఓఆర్ అంటే స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్. నీకు క్లియరెన్స్ ఇవ్వడానికి మాకున్న అభ్యంతరాలు ఇవీ అని ప్రభుత్వం ఒక్కొక్కదానికీ నంబరు వేసి పంపే కాగితం. ప్రతిదానికీ ఒప్పుకుంటున్నదీ లేనిదీ ప్రమాణం చేసి రాయాలి. ఆ అభ్యంతరాలు గైడ్‌లైన్లనే పద్దుల కింద ఉంటాయి. ఇతనికి వచ్చినదాంట్లో గైడ్‌లైన్ బి ఊసే లేదు. విదేశాల్లో ఉన్న బంధువుల సంగతి వచ్చేది అందులోనే. ఉన్నవి రెండు. ఒకటి గైడ్‌లైన్ హెచ్, మత్తుపదార్థాల వాడకం. రెండోది గైడ్‌లైన్ ఇ, వ్యక్తిగత ప్రవర్తన.

"మీరు ఓ పావుగంట బయట కూర్చుంటారా అండీ" అని తండ్రిని అడిగాను. ఆయన చిన్నబుచ్చుకున్నారు. లాయరుకీ క్లయింటుకీ మధ్య మాటలకి చట్టం ఇచ్చే రక్షణ, గదిలో మూడోవాళ్లుంటే పోయే ప్రమాదం ఉంది. ఆ మూడో మనిషి కన్నతండ్రైనా సరే. ఈ మాట మనవాళ్లకి చెప్పడం ఎప్పుడూ ఇబ్బందే. తలుపు మూశాక అబ్బాయిని అడిగాను: "నాన్నగారికి ఎంతవరకు తెలుసు?"

"ఏమీ తెలీదు మేడమ్. ఇండియా రిలేటివ్స్ వల్ల అనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను."

తర్వాత తిరగేసి చూసుకుంటే కేసంతా ఆ చివరి ముక్కలోనే ఉంది.

ఈ కేసు మేం ఓడిపోయాం. అతని అనుమతితోనే రాస్తున్నాను. పేరు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఇక్కడ ‘అబ్బాయి’ అనే అంటాను.

జరిగింది ఇదీ

తల్లిదండ్రులతో చిన్నప్పుడే వచ్చాడు. వాళ్లకి సిటిజన్‌షిప్ రావడంతో 18 నిండకముందే ఇతనికీ వచ్చింది. క్లియరెన్స్‌కి అర్హత అమెరికా పౌరులకే కాబట్టి హెచ్-1బి, గ్రీన్‌కార్డు వాళ్లకి ఈ గొడవ ఉండదు. ఉత్తర వర్జీనియాలో పెరిగిన మన పిల్లలకి మాత్రం ఇది ఇంటిపక్క సంగతి. చాంటిల్లీ, హెర్న్‌డన్ చుట్టుపక్కల కంప్యూటర్ ఉద్యోగాల్లో చాలావాటికి క్లియరెన్స్ కావాలి.

2017లో యూనివర్సిటీలో చేరాడు. మొదటి రెండేళ్లలో పది పన్నెండుసార్లు గంజాయి తాగాడు. పరీక్షల ముందు రాత్రిళ్లు నిద్ర రాకుండా రూమ్‌మేట్ దగ్గర మూడుసార్లు అడెరాల్ అనే, డాక్టరు రాస్తేనే వాడాల్సిన ఉత్తేజక మాత్ర తీసుకున్నాడు. 2019 ఏప్రిల్‌లో ఒక డిఫెన్స్ కాంట్రాక్టరు దగ్గర ఇంటర్న్‌షిప్ వచ్చింది. దానికోసం ఎస్ఎఫ్-86 అనే క్లియరెన్స్ దరఖాస్తు ఫారం నింపాలి. అందులో 23వ సెక్షన్, గత ఏడేళ్లలో చట్టవిరుద్ధంగా మత్తుపదార్థాలు వాడావా అని అడుగుతుంది. ‘నో’ అని టిక్ పెట్టాడు. 2020 ఫిబ్రవరిలో సీక్రెట్ స్థాయి క్లియరెన్స్ వచ్చింది.

ఆ తర్వాత రెండుసార్లు వాడాడు. 2020 డిసెంబరులో స్నేహితులతో డెన్వర్ వెళ్లినప్పుడు దుకాణంలో కొన్న గమ్మీలు తిన్నాడు. 2021 జులై 4 సెలవుల్లో ఒక స్నేహితుడి ఇంట్లో తాగాడు. ఆ జులై 1నే వర్జీనియాలో పెద్దవాళ్లు కొద్ది మొత్తంలో గంజాయి దగ్గర ఉంచుకోవడం చట్టబద్ధమైంది. "లీగల్ అయిపోయింది కదా అనుకున్నాను" అన్నాడు. అదే ఆఖరు. మళ్లీ ముట్టుకోలేదు.

డిగ్రీ అవగానే అదే కంపెనీలో పూర్తి ఉద్యోగం వచ్చింది. 2022లో ఇంటినుంచి పనిచేస్తూ టైమ్‌షీట్‌లో చేయని గంటలు చేసినట్టు రాశాడు. రెండు నెలల్లో 41 గంటలు. కాంట్రాక్టర్ల దగ్గర ఆ గంటలు నేరుగా ప్రభుత్వం బిల్లులోకి వెళ్తాయి. కంపెనీ పట్టుకుంది, ఆ డబ్బు ప్రభుత్వానికి తిరిగి కట్టింది, తీసేస్తున్నామని చెప్పింది. తీసేసేలోపు ఇతనే రాజీనామా ఇచ్చాడు.

2023లో ఇంకో కంపెనీ తీసుకుంది, సీక్రెట్ కంటే పైదైన టాప్ సీక్రెట్ స్థాయికి పెట్టింది. ఆ మార్చిలో మళ్లీ ఫారం. ఈసారి అన్నీ రాశాడు. గంజాయి, అడెరాల్, క్లియరెన్స్ చేతిలో ఉండగా వాడిన రెండుసార్లు, టైమ్‌షీట్ గొడవ, రాజీనామా. పాత ఫారానికీ కొత్త ఫారానికీ పొంతన కుదరలేదు. 2024 జులైలో ఎస్ఓఆర్ వచ్చింది.

కొలిచేది దేన్ని

క్లియరెన్స్ విషయంలో నేరం రుజువైందా లేదా అన్న లెక్క ఉండదు. ఈ మనిషికి రహస్యం అప్పగించవచ్చా అన్నదే చూస్తారు. 2017 జూన్ 8 నుంచి అన్ని శాఖలకీ ఒకటే కొలత, సీడ్-4 అనే ఆదేశం. అందులో ఎ నుంచి ఎమ్ దాకా 13 గైడ్‌లైన్లు ఉన్నాయి. అనుమానం మిగిలితే దాన్ని దేశభద్రత వైపే తేల్చాలని అందులోనే ఉంది. క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని సుప్రీంకోర్టు 1988లో ఈగన్ కేసులో చెప్పేసింది. ప్రభుత్వం వాస్తవాలు చూపిస్తే, అయినా నేను నమ్మదగినవాణ్నే అని ఒప్పించే భారం మనదే. క్రిమినల్ కోర్టుకి అలవాటుపడ్డ లాయర్లు ఈ తిరగలిలో పడి నలిగిపోవడం చూశాను.

గంజాయి గురించి రెండు మాటలు. రాష్ట్రం ఏమన్నా ఫెడరల్ చట్టంలో అది నిషిద్ధమే, క్లియరెన్స్‌కి చూసేది ఫెడరల్ చట్టాన్నే. ప్రస్తుతం వాడుతున్నవాళ్లకి క్లియరెన్స్ ఇవ్వకూడదని బాండ్ సవరణ అనే చట్టం ఉంది. గతంలో వాడినవాళ్ల సంగతి వేరు. 2021 డిసెంబరులో అప్పటి జాతీయ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ ఎవ్రిల్ హేన్స్ జారీ చేసిన సూచనలు, గతంలో సరదాకి గంజాయి వాడడాన్ని లెక్కలోకి తీసుకోవాలి గానీ ఆ ఒక్కదానితోనే తేల్చేయకూడదన్నాయి. ఫారం మీద సంతకం పెట్టిన రోజునుంచి మాత్రం మళ్లీ ముట్టుకోవద్దని కూడా అన్నాయి. ఎన్నాళ్లు మానేస్తే చాలు అన్నదానికి లెక్క ఎక్కడా లేదు. ఏడాదా రెండేళ్లా అని ఫోన్లో అడిగేవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే, విని నిరాశపడతారు.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. ఇండియా నుంచి వచ్చే సూట్‌కేసుల్లో మందుల డబ్బా ఉంటుంది. నిద్ర పట్టడం లేదంటే అమ్మ తన ఆల్ప్రాజోలమ్ ఒకటి చేతిలో పెడుతుంది. అమెరికా చట్టంలో అది నియంత్రిత ఔషధం. ఒకరికి రాసింది ఇంకొకరు వేసుకుంటే దుర్వినియోగం కిందికే వస్తుంది. ఇతని కేసులో అది లేదు గానీ, వచ్చినవాళ్లందరినీ ఆ డబ్బా గురించి అడుగుతాను. "అది డ్రగ్స్ ఏంటండీ?" అంటారు.

ఆ ‘నో’ ఎక్కణ్నుంచి వచ్చింది

2019లో ఆ గడి దగ్గరికొచ్చి ఆగిపోయాడట. ఇంట్లో అడిగే ధైర్యం లేదు. తెలిసిన ఒక అంకుల్ ఉన్నారు, ఐటీలో పాతకాపు, ఆయనకి ఫోన్ చేశాడు. "అలాంటివన్నీ నో అని కొట్టెయ్ రా, ఎవడు చూడొచ్చాడు? యస్ అన్నావంటే నీ పేరు జన్మకి ఎక్కిపోతుంది" అన్నారు ఆయన. అంకుల్‌కి క్లియరెన్స్ లేదు. ఎప్పుడూ లేదు.

గైడ్‌లైన్ ఇ లో ఒక వెసులుబాటు ఉంది. లాయరో, ఆ ప్రక్రియ చూసే అధికారం ఉన్నవాళ్లో తప్పు సలహా ఇవ్వడం వల్ల నిజం చెప్పకపోతే దాన్ని పరిగణించవచ్చు. అంకుల్ ఆ జాబితాలో లేరు. హియరింగ్‌లో ఆయన ప్రస్తావన తెస్తే సాకులా వినిపిస్తుంది, తేకపోతే దాచినట్టవుతుంది. ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు, నీ అంతట నువ్వు ఎత్తకు అన్నాను.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. 23వ సెక్షన్‌లోనే రాసి ఉంటుంది: ఇక్కడ నువ్వు నిజంగా చెప్పిన జవాబుని తర్వాత నీమీద క్రిమినల్ కేసులో సాక్ష్యంగా వాడం అని. అబద్ధం రాస్తే మాత్రం ఐదేళ్ల దాకా జైలు ఉండవచ్చన్న హెచ్చరిక కూడా ఫారంలోనే ఉంటుంది. అంటే నిజానికి గొడుగు పట్టి, అబద్ధానికి కత్తి చూపించే ఫారం అది. మన పిల్లలు తిరగేసి చదువుతారు, యస్ అంటే కత్తి, నో అంటే గొడుగు అని. 2019లో ఉన్నదున్నట్టు రాసి ఉంటే ఏమయ్యేది? ఇరవై ఏళ్ల విద్యార్థి, పది పన్నెండుసార్లు గంజాయి, మూడు మాత్రలు. ఇన్వెస్టిగేటర్ ఓ గంట కూర్చోబెట్టి అడిగేవాడు. కొన్ని నెలలు ఆలస్యమయ్యేది. సీక్రెట్ స్థాయికి అలాంటివాళ్లు దాటిపోవడం చాలాసార్లు చూశాను. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాడు.

నేను అడగని ప్రశ్న

ఎస్ఓఆర్‌కి జవాబు రాయడానికి కూర్చుంటే అబ్బాయి అప్పటికే ఒకటి రాసుకొచ్చాడు. ఫారంలో కావాలని అబద్ధం చెప్పావన్న ఆరోపణకి ‘ఒప్పుకోను’ అని ఉంది. చింపేశాను. పది పన్నెండుసార్లు తాగినవాడు, ఆ ఫారానికి మూడు నెలల ముందు కూడా తాగినవాడు మరిచిపోయానంటే నమ్మేదెవరు? అన్నీ ఒప్పుకున్నాం. హియరింగ్ కావాలని కోరాం. కోరకపోతే కాగితాలు చూసే తేల్చేస్తారు. మనిషి మొహం చూడకుండా నమ్మకం గురించి తేల్చడం ఇలాంటి కేసులో మనకే నష్టం.

హెచ్ గైడ్‌లైన్‌కి పని చకచకా సాగింది. లైసెన్సున్న కౌన్సెలర్ దగ్గర పరీక్ష చేయించాం, వ్యసనం లేదని రాసిచ్చారు. వెంట్రుకల పరీక్షలో ఏమీ రాలేదు. మళ్లీ వాడితే క్లియరెన్స్ రద్దు చేయవచ్చని ఒప్పుకుంటూ సంతకం చేసిన పత్రం పెట్టాం. ఇది గైడ్‌లైన్‌లోనే అడిగేది. పాత బృందంతో ఎప్పుడో తెగిపోయింది.

హియరింగ్‌కి కొన్ని వారాల ముందు డిపార్ట్‌మెంట్ కౌన్సెల్, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, తమ సాక్ష్యాలు పంపారు. అందులో 2023 అక్టోబరులో ఇన్వెస్టిగేటర్ తీసుకున్న ఇంటర్వ్యూ సారాంశం ఉంది. 2019లో నో అని ఎందుకు రాశావని అడిగితే, "ప్రశ్న సరిగా అర్థం కాలేదు, అలవాటుగా వాడేవాళ్ల గురించి అడుగుతున్నారనుకున్నాను" అని చెప్పినట్టుంది.

ఆ కాగితం నేను మూడుసార్లు చదివాను. మార్చిలో నిజం రాసినవాడు అక్టోబరులో మళ్లీ అబద్ధమాడాడు.

మామూలుగా అలాంటి సారాంశాన్ని, రాసిన ఇన్వెస్టిగేటర్ వచ్చి ధ్రువీకరించకుండా సాక్ష్యంగా పెట్టడానికి వీల్లేదు, మనం అభ్యంతరం చెబితే. కానీ ఎస్ఓఆర్ కంటే ముందు ప్రభుత్వం ఇంటరాగటరీలు, అంటే రాతపూర్వకంగా కొన్ని ప్రశ్నలు పంపుతుంది. వాటితో పాటు ఆ సారాంశం జతచేసి, ఇది సరిగ్గా ఉందా అని అడుగుతుంది. 2024 ఫిబ్రవరిలో లాయరెవరూ లేకుండా అబ్బాయి ‘సరిగ్గా ఉంది’ అని సంతకం పెట్టేశాడు. తలుపు లోపలినుంచి అతనే గడియ పెట్టుకున్నాడు.

ఫోన్ చేసి అడిగితే, "మీరు అడగలేదు కదా మేడమ్" అన్నాడు. కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే నిజమే. ఫారాల గురించి అడిగాను, తేదీలు అడిగాను, ఇంటర్వ్యూలో ఏం చెప్పావో అడగలేదు. రెండో ఫారంలో నిజం రాసినవాడు దానికే కట్టుబడి ఉంటాడని అనుకున్నాను. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు ఆ ప్రశ్నే అడుగుతున్నాను, ఇంటరాగటరీల మీద సంతకం పెట్టారా లేదా అన్నది వెంటనే అడుగుతున్నాను.

ఎందుకలా చెప్పావంటే, ఇన్వెస్టిగేటర్ మంచివాడట, మర్యాదగా మాట్లాడాడట. ఆయన ముందు "నేను అబద్ధమాడాను" అనే మాట నోట్లోంచి రాలేదట. గంజాయి తాగాననడం తేలికే అనిపించింది, అబద్ధమాడాననడం కష్టమైంది. అబ్బాయి చెప్పిన వాటన్నిటిలో నేను పూర్తిగా నమ్మింది ఆ మాటనే.

ఇంటర్వ్యూ సంగతి ఎస్ఓఆర్‌లో ఆరోపణగా లేదు. లేనిదాని మీద శిక్ష వేయకూడదు గానీ, మనిషి మాట నమ్మవచ్చా, మారాడా అని తూచేటప్పుడు జడ్జి దాన్ని చూడవచ్చు. చూస్తారు కూడా. తారీఖులు అక్కడే మారిపోయాయి. మేం కట్టిన వాదనంతా 2021 జులై నుంచి లెక్క: మూడున్నరేళ్లుగా శుభ్రంగా ఉన్నాడు అని. జడ్జి లెక్క 2023 అక్టోబరు నుంచి మొదలవుతుంది. ఆఖరిసారి తాగిన రోజుకి కాలం దూరమవుతూనే ఉంది, ఆఖరిసారి అబద్ధమాడిన రోజు మాత్రం నిన్నగాక మొన్న.

అప్పుడు తండ్రికి చెప్పక తప్పలేదు. నేను చెప్పలేదు, అబ్బాయే ఇంటికెళ్లి చెప్పాడు. మర్నాడు ఆయన ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "పాసుపుస్తకాలు పట్టుకుని తిరిగానమ్మా, వెర్రివాణ్నిలా" అన్నారు చివరికి.

హియరింగ్

రక్షణశాఖ కాంట్రాక్టర్ల కేసులు వినేది డోహా అనే కార్యాలయం. ఆర్లింగ్టన్‌లో, 2025 ఫిబ్రవరిలో జరిగింది. చిన్న గది, అడ్మినిస్ట్రేటివ్ జడ్జి, డిపార్ట్‌మెంట్ కౌన్సెల్, మేం. సినిమాల్లో కోర్టులా ఏమీ ఉండదు.

ఇప్పటి మేనేజరు వచ్చి పని గురించి, టైమ్‌షీట్ల గురించి బాగా చెప్పారు. 2022 గొడవ గురించి ఆయనకి ముందే తెలుసు, అది మాకు కలిసొచ్చింది. తెలియకుండా మంచి మాటలు చెప్పే సాక్షి ఎదురుప్రశ్నలకి నిలవడు.

అబ్బాయి గంజాయి గురించి తడబడకుండా చెప్పాడు. టైమ్‌షీట్ దగ్గర మాత్రం "అందరూ చేసేవాళ్లు" అన్నాడు. ఆ మాట అనొద్దని నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. తర్వాత డిపార్ట్‌మెంట్ కౌన్సెల్ లేచారు. గొంతు పెంచలేదు. 2019 ఫారం సంతకం పేజీ చూపించి ఇది మీ సంతకమేనా అన్నారు. అవునన్నాడు. ఇంటర్వ్యూ సారాంశం చూపించి, ఆ రోజు చెప్పింది నిజమా, ఈ రోజు చెబుతున్నది నిజమా అన్నారు. ఈ రోజుది అన్నాడు. "ఆ రోజు కూడా అలాగే అనిపించి ఉంటుంది కదా" అని కూర్చున్నారు.

తండ్రిని సాక్షిగా పెట్టాలా వద్దా అని చివరిదాకా ఊగిసలాడాను. ఆయనే వస్తానన్నారు. కొడుకు ఇంట్లో మొత్తం చెప్పిన రోజు గురించి అడిగాను. "వాడు పొగ తాగాడన్నదానికి ఏడవలేదండీ. నేను ఫైలు పట్టుకుని తిరుగుతుంటే చూస్తూ ఊరుకున్నాడు" అన్నారు. నిజమే చెప్పారు. మాకు మేలు చేసిన నిజమో కీడు చేసిన నిజమో నాకు ఇప్పటికీ తెలీదు.

తీర్పు

మే నెలలో వచ్చింది. హెచ్ మీద మొత్తం మాకు అనుకూలం. క్లియరెన్స్ ఉండగా వాడడం చిన్న విషయం కాదని అంటూనే, వాడకం తక్కువసార్లనీ, కాలం గడిచిందనీ, మళ్లీ జరిగేలా లేదనీ రాశారు. ఇ మీద టైమ్‌షీట్ వ్యతిరేకం, ఫారం అబద్ధం వ్యతిరేకం. ఎవరూ నిలదీయకముందే, ఆలస్యం చేయకుండా తప్పు సరిదిద్దుకుంటే దాన్ని లెక్కలోకి తీసుకునే నిబంధన మీద నేను చాలా ఆశ పెట్టుకున్నాను. 2023 ఫారంలో తనంతట తానే రాశాడని జడ్జి ఒప్పుకున్నారు. నాలుగేళ్లు ఆలస్యమని, ఆపైన ఇంటర్వ్యూలో ఆ మంచి కాస్తా పోగొట్టుకున్నాడని రాశారు. మొత్తం మీద అర్హత నిరాకరించారు.

అప్పీలు గురించి తండ్రి అడిగారు. అప్పీల్ బోర్డు కొత్త సాక్ష్యం తీసుకోదు, జడ్జి తప్పు చేశారా అన్నదే చూస్తుంది. చదివినకొద్దీ జడ్జి తప్పు నాకు కనపడలేదు. నేనైనా అలాగే రాసేదాన్నేమో. 15 రోజుల గడువు దాటనిచ్చాం.

కంపెనీ అతన్ని పంపేయలేదు, క్లియరెన్స్ అక్కర్లేని ప్రాజెక్టులో వేసింది. తీర్పు వచ్చిన ఏడాది దాకా మళ్లీ అర్హత కోరడానికి లేదు. ఆ తర్వాతైనా స్పాన్సర్ చేసే కంపెనీ ఒకటి ఉండాలి. ఈలోగా చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. టైమ్‌షీట్ నిమిషాలతో సహా సరిగ్గా నింపడం, ఎవరడిగినా అదే కథ అదే మాటల్లో చెప్పడం.

కొన్నాళ్ల కిందట తండ్రి ఫోన్ చేశారు. కొడుకు గురించి అనుకున్నాను. కాదు. తోడల్లుడి కొడుక్కి ఇంటర్న్‌షిప్ వచ్చిందట, ఫారం నింపుతున్నాడట, 23వ సెక్షన్ దగ్గర ఆగాడట.

"పిల్లాడు పక్కనే ఉన్నాడమ్మా. ఏముందో నన్ను అడగొద్దన్నాను, మీకే చెప్పమన్నాను. ఫోన్ వాడికిస్తున్నాను. నేను బయట వరండాలో కూర్చుంటాను."

తలుపు మూసిన చప్పుడు వినిపించాక, "హలో ఆంటీ" అన్నాడు కుర్రాడు.